పొద్దున్నే చెప్పే కబురు

తిర్సిత్ హాంబర్గ్‌కు వచ్చి నెలన్నా కాకముందే ఒకరింటికి మెర్దో చెప్పడానికి వెళ్ళవలసి వచ్చింది. బస్సులు కడిగే పనిలో ఉన్న హబ్తాము తల్లి ఇథియోపియాలో పోయి అప్పటికి పదకొండు రోజులు. అతనికి తెలియదు. చావు కబురు ఫోన్లో చెప్పడం ఆ దేశంవాళ్ళలో లేదు. తెలిసినవాళ్ళంతా కూడబలుక్కుని, మనిషి ఇంకా పనికి బయలుదేరక ముందే, పొద్దున్నే గుమ్మంలోకి వెళ్ళి, కూర్చోబెట్టి చెప్పాలి. దానినే మెర్దో అంటారు. అంతవరకూ ఊరంతటికీ తెలిసినా ఆ ఒక్కడికీ తెలియకూడదు. పరాయి దేశంలో అందరినీ కూడగట్టడానికి పది పన్నెండు రోజులు పట్టడం మామూలే.

ఆ ఊళ్ళో ఈ పనులన్నిటికీ పెద్దదిక్కు అస్నకెచ్. ఆస్పత్రి వంటశాలలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. అందరికీ పిన్ని. హబ్తాము ఇంట్లో ఉంటాడో లేదో కనుక్కునే పని ఆవిడ కొత్తగా వచ్చిన తిర్సిత్‌కు అప్పగించింది. ప్రయాణముంది, పెద్ద సూట్‌కేసు ఉంటే అరువివ్వమని తిర్సిత్ ముందురోజు సాయంత్రం అతనికి ఫోన్ చేసింది. తెల్లారి ఐదున్నరకు తొమ్మిది మంది వెళ్ళి తలుపు తడితే హబ్తాము నవ్వుతూ తీశాడు. సూట్‌కేసు దుమ్ము తుడిచి గుమ్మం పక్కనే పెట్టుకున్నాడు. నల్లబట్టలు చూశాడు, ఒక్కొక్కరి ముఖమూ చూశాడు, చివరికి తిర్సిత్ వైపు తిరిగి, "నువ్వు పెట్టె కోసమేగా వచ్చావు?" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో తిర్సిత్ కోపం ఆపుకోలేకపోయింది. పదకొండు రోజులు వాడిని పిచ్చివాణ్ణి చేశాం, నాకైతే ఆ క్షణమే చెప్పేయండి పిన్నీ అంది. పాడుమాటలాడకు, నోరు ముయ్యి అని అస్నకెచ్ కసిరి, చంకలో ఫ్లాస్కు సర్దుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

తిర్సిత్‌ది ఇథియోపియాలో దెబ్రె తాబోర్ పట్నం దాటాక కొండమీద ఒక చిన్న ఊరు. తండ్రి అలెమ్నెహ్ అక్కడి గుడిలో మెరిగేతా, అంటే పిల్లలకు కీర్తనలు నేర్పే గురువు. తోలు పుటల మీద పుస్తకాలు రాయడంలోనూ ఆయన చెయ్యి అందెవేసిన చెయ్యి. ఆ గుడిలో, ఊరి పునీతుడి చరిత్ర రాసిన పాత పుస్తకం ఒకటి ఉంది. అందులో నడిమధ్య నాలుగు పుటలు లేవు. ఎప్పుడో వచ్చి నాలుగు రోజులున్న ఒక తెల్లవాడు కోసుకుపోయాడని చెప్పుకుంటారు. ఏటా ఉత్సవంనాడు ఆ పుస్తకం చదువుతూ చదువుతూ ఆ చోటికి రాగానే మెరిగేతా ఆగిపోతాడు. నాలుగు పుటలు చదవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఊరంతా నిలబడే ఉంటుంది. ఆ తరవాత మళ్ళీ అందుకుంటాడు. అలెమ్నెహ్ నలభై రెండేళ్ళు అలా చదివాడు. అక్కడ ఏమి ఉండి ఉంటుందని శిష్యులు అడిగితే కసురుకునేవాడు. కాని ఇంట్లో, భోజనాల దగ్గర, ఒకసారి వరదలో ఏరు దాటిన అద్భుతం ఉండాలనేవాడు, ఇంకోసారి చిరుతపులి కథ ఉండాలనేవాడు. భార్య నవ్వేది.

కూతురికి ఐరోపాలో ఏడాదిపాటు ఉండి పాత రాతప్రతులు చూసే ఫెలోషిప్పు వచ్చినప్పుడు ఆయన మూటలూ ముడుపులూ ఏమీ కోరలేదు. ఆ నాలుగు పుటలూ ఎక్కడైనా కనబడితే తెచ్చివ్వక్కర్లేదు, చదివి వినిపిస్తే చాలన్నాడు. అప్పటికే ఆయనకు చూపు సగం పోయింది.

ఇక చూడాలి తిర్సిత్ తిరుగుడు. పేరుకు హాంబర్గ్‌లో ఒక గది. నెలలో ఇరవై రోజులు రైళ్ళలో, చవక సత్రాల్లో, గ్రంథాలయాల్లో. రోమ్‌లో బల్ల ముందు కూర్చున్నాక పెన్ను లాక్కుని పెన్సిలు చేతికిచ్చారు. ఇంకో చోట ఆమె సంచిలోని ఇంజెరా రొట్టెల పులుపు వాసనకు పక్క కుర్చీలోని ప్రొఫెసరు లేచి కిటికీ తెరిచాడు. ఆమె కోటు బొత్తాలు మెడదాకా పెట్టుకుని చదువుకుంది తప్ప సంచి మాత్రం బయట పెట్టలేదు. ప్రతి ఆదివారం ఇంటికి ఫోన్. తండ్రి మొదటి ప్రశ్న ఒకటే, దొరికాయా అని. ఇంకా లేదు నాన్నా అంటే, చలికి కాళ్ళకు ఏమైనా తొడుక్కుంటున్నావా అని రెండోది.

దొరికాయి. జనవరి ఏడున వచ్చే గెన్నా, అంటే తమ క్రిస్మస్ పండుగ, వెళ్ళిన నాలుగో రోజున, ఇటలీ ఉత్తరాన ఒక చిన్న ఊరి గ్రంథాలయంలో, వేరే పుస్తకం అట్టలోపల దోపి ఉన్నాయి. కోసిన అంచు చూడగానే తిర్సిత్‌కు అనుమానం లేకపోయింది. తమ గుడి పుస్తకంలో మిగిలిన మొదళ్ళు చిన్నప్పుడు ఎన్నిసార్లు వేలితో తడిమిందో ఆమెకే తెలుసు. ఫొటోలు తీసుకుంది, చేత్తో కాపీ రాసుకుంది, బయటికొచ్చి మంచులో నిలబడి ఫోను తీసింది. తీసి, మళ్ళీ జేబులో పెట్టుకుంది.

ఎందుకు పెట్టుకుందంటే, మూడో పుటలో రెండు వరుసలు తడికి అలికిపోయి ఉన్నాయి. అలెమ్నెహ్ దగ్గర చదువుకోవడమంటే మాటలు కాదు. ఒక అక్షరం సాగదీస్తే కర్ర నేలకు తాకేది, ఒక మాట తప్పితే మొదటినుంచి మళ్ళీ. ఆడపిల్ల కనుక పిల్లల వరుసలో కూర్చోనివ్వకపోయినా తిర్సిత్ తలుపు అవతల కూర్చుని నేర్చింది. తప్పు చదివితే లోపలినుంచి ఆమె కోసం కూడా కర్ర తాకేది. ఆ మనిషికి సగం సగం చదివి ఇక్కడ కనబడటంలేదు నాన్నా అని ఎలా చెప్పడం? పారిస్‌లో ఇదే పునీతుడి మరో ప్రతి ఉందని విన్నది. దానితో పోల్చి, ఆ రెండు వరుసలూ తేల్చుకుని, ఒక్క తప్పూ లేకుండా ఒక్క ఊపున చదివేద్దామనుకుంది. తండ్రికి తప్ప ఇంకెవరికీ ముందు చెప్పకూడదనీ అనుకుంది. ఎంత చదువు చదివినా తండ్రి కర్రకు భయపడే పిల్ల భయపడే పిల్లే.

దొరికాయా అని అడుగుతాడని రెండు ఆదివారాలు ఫోన్ చేయకుండా గడిపి, ఆ నెలాఖరు ఆదివారం పారిస్ నుంచి ఇంటికి చేస్తే అన్న గిర్మావ్ ఎత్తాడు. నాన్న పక్క ఊరికి బాప్తిస్మం విందుకు వెళ్ళాడన్నాడు. ఆయనకు విందులంటే ఇష్టమేనని తిర్సిత్ నవ్వింది. వచ్చే ఆదివారం ఎక్కడికీ పోవద్దని చెప్పు, పని ఉంది అంది. సరేనన్నాడు.

ఆ బుధవారం తెల్లవారుతూండగా అలెమ్నెహ్ పోయాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి అప్పటికి మూడు వారాలు. ఆ సంగతీ ఎవరూ చెప్పలేదు. జబ్బు మాట చెబితే పిల్ల చదువు వదిలేసి వస్తుందని ఇంటిల్లిపాదీ ఒక్క మాట అనుకున్నారు. చావు సంగతి హాంబర్గ్‌లో అస్నకెచ్ చెవిన వేసి, ఇక మీదే భారం అన్నారు.

అస్నకెచ్ ఏ మెర్దోతోనూ ఇంత తిప్పలు పడలేదు. మనిషి నిలకడగా ఉంటేగా! మొదటిసారి ఏడుగురిని పోగుచేస్తే పిల్ల పారిస్‌లోనే ఉండిపోయింది. రెండోసారి గది ముందుకు వెళ్ళేసరికి రాత్రి బండికే స్వీడన్ వెళ్ళిపోయిందని పక్కగది అమ్మాయి చెప్పింది. రోజు కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్ళు మెట్లమీద కూర్చుని, తెచ్చిన కాఫీ తామే తాగి, తిరిగి పనులకు పోయారు. అస్నకెచ్ మాత్రం రోజు విడిచి రోజు ఫోన్ చేసి ఎప్పుడొస్తావే, ఎక్కడున్నావే అని ఆరా తీసేది. తిర్సిత్‌కు నవ్వొచ్చేది.

"ఏంటి పిన్నీ, నాకేమైనా సంబంధం చూశావా?"

"ఆ, చూశాలే. ముందు నువ్వు వచ్చి ఒకచోట పడుండు."

ఆ మాట అన్న తరవాత ఫోన్ పెట్టేసి ఆ ముసలావిడ ఎంతసేపు ఏడ్చిందో తిర్సిత్‌కు తెలియదు.

ఇంటికి చేసిన ప్రతి ఆదివారమూ తండ్రి ఏదో పనిమీద ఉండేవాడు. ఒకసారి గుళ్ళో, ఒకసారి నిద్రలో, ఒకసారి గొంతు పట్టేసింది. పెద్ద ఉపవాసాల కాలం కదా, రోజంతా గుళ్ళోనే ఉంటాడు, ఉంటే ఉంటాడులే అనుకుంది. మాయదారి మనసు, తనకు కావలసినదాన్నే నమ్ముతుంది. హబ్తాముతో తానే అబద్ధమాడిన మనిషి కూడా తనదాకా వచ్చేసరికి పట్టుకోలేకపోయింది.

మార్చి పదమూడున, స్వీడన్‌లోని ఉప్సలాలో, పారిస్ ప్రతితో తేలని ఆ రెండు వరుసలూ అక్కడి మరో ప్రతితో తేలాయి. ఆదివారమే. ఇంటికి చేసి, దొరికాయి అన్నయ్యా, నాన్నను పిలువు, చదువుతాను అంది. వెనక జనం గోల వినబడుతోంది. ఎవరు వచ్చారంటే చుట్టాలన్నాడు. నాన్నకు గొంతు బాగా పోయింది, మాట రాదు, నువ్వు చదువు, పెద్దగా వినిపించేలా పెడతాను అన్నాడు.

ఆమె చదివింది. నాలుగు పుటల్లో వరద లేదు, చిరుతపులి లేదు. గుడి బావి తవ్వినవాళ్ళ పేర్లు ఉన్నాయి. మట్టి మోసినవాళ్ళు, రాళ్ళు దింపినవాళ్ళు, వాళ్ళకు అంబలి కాచిపోసిన ఆడవాళ్ళు, అరవై మూడు పేర్లు, ఫలానా ఆమె కొడుకు, ఫలానా ఆయన కోడలు అంటూ వంశాలతో సహా. ఒక్క తప్పు పోలేదు. మధ్యలో ఎవరో వెక్కినట్టయింది. సిగ్నలు బాగాలేదనుకుని ఇంకా గట్టిగా చదివింది. ఆ రోజు ఆ ఇంట్లో అలెమ్నెహ్ పోయిన నలభయ్యో రోజు ప్రార్థనలు. పూజారులూ శిష్యులూ ఊరివాళ్ళూ తమ ముత్తాతల పేర్లు ఆ పిల్ల గొంతులో విన్నారు. బయటికి ఏడిస్తే ఫోన్లో తెలిసిపోతుందని కొంగులు నోట్లో కుక్కుకుని విన్నారు. చదవడం అయ్యాక నాన్న ఏమన్నాడని ఆమె అడిగింది. తల ఊపాడమ్మా అన్నాడు గిర్మావ్.

ఆ తరవాతి శుక్రవారం ఆమె హాంబర్గ్ చేరింది. శనివారం ఇంకా మసక ఉండగానే తలుపు చప్పుడైంది. తీసింది. పదకొండు మంది. ముందు అస్నకెచ్, వెనక తలవంచుకుని హబ్తాము. ఎవరూ నోరు విప్పకముందే తిర్సిత్, "మా అమ్మా, నాన్నా?" అని అడిగింది. అస్నకెచ్ లోపలికి వచ్చి, ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, రెండు చేతులూ తన ఒళ్ళో పెట్టుకుని, నాన్న అని చెప్పింది.

ఆడవాళ్ళు రాగం అందుకున్నారు. తిర్సిత్ ఏడవలేదు. ఎప్పుడని అడిగింది. ఫిబ్రవరి రెండు అన్నారు. లోలోపల లెక్క వేసుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. అన్నయ్యకు ఫోన్ కలపమంది. ముందు కాస్త కాఫీ తాగమని బతిమాలారు. ఆమె వినలేదు. హబ్తామే కలిపి చేతికిచ్చాడు.

అవతల గిర్మావ్ ఏడుపు ఆగాక ఆమె ఒక్కటే అడిగింది, జనవరి నెలాఖరు ఆదివారం నేను చేసినప్పుడు నాన్న నిజంగా ఎక్కడున్నాడని.

"నా పక్కనే, మంచం మీద. ఇస్తానన్నా చెల్లీ. గొంతు వింటే నీకు తెలిసిపోతుందని ఆయనే వద్దని చెయ్యి ఊపాడు."

"ఏమీ అడగలేదా?"

"నువ్వు పెట్టేశాక అడిగాడు, దొరికాయటా అని. ఆ ముఖం చూసి లేదనడానికి నాకు నోరు రాలేదు. దొరికాయట నాన్నా అని అబద్ధమాడాను. దేవుడు క్షమించాలి నన్ను. అప్పటినుంచి ఒకటే పోరు, ఏముందట, ఏముందట అని. నాకేం తెలుసు? రేపు తనే చదువుతుందట, పడుకో అన్నాను. సోమవారం అడిగాడు. మంగళవారం పొద్దుపోయేదాకా అడిగాడు."

గదిలో ఆడవాళ్ళు గొంతులు తగ్గించారు. తిర్సిత్ ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"అది అబద్ధం కాదన్నయ్యా," అంది. "అప్పటికే దొరికాయి. పంతొమ్మిది రోజులైంది. నా సంచిలోనే ఉన్నాయి."