బావ కట్టిన పందెం

మా బావతో పందెం కట్టి నేను ఒక్కసారి కూడా గెలవలేదు. చెరకు గడ పళ్లతో చీల్చడంలోనూ అంతే, పంచాయితీ ఎన్నికల్లో ఎవరు నెగ్గుతారో చెప్పడంలోనూ అంతే. ఆయన మా అక్క మొగుడు. చోడవరం ఫ్యాక్టరీకి ట్రాక్టరు మీద చెరకు తోలుతాడు. నేను విశాఖపట్నంలో వెల్డరుని. నాకు ముక్కు మీద కోపం, ఆయనకి నోటి నిండా వెటకారం.

నేను చెప్పే పందెం నాటికి అక్కకి అయిదో నెల. నాకు వడ్డాదిలో సంబంధం కుదిరింది, ఇంకో నెలలో పెళ్లి. ఓ ఆదివారం అక్కని చూడ్డానికి వెళ్లేసరికి బావ నూతి దగ్గర స్నానం చేస్తున్నాడు. మెడ మీదా ఛాతీ మీదా ఎర్రటి దద్దుర్లు. నాలుగు రోజులుగా జ్వరం కూడానట.

నాకు అనుమానమొచ్చింది. మా పని షెడ్డుకి ఆ మధ్యే ఒక డాక్టరొచ్చి హెచ్‌ఐవీ గురించి చెప్పి వెళ్లాడు. సోకిన కొన్ని వారాలకి కొందరికి జ్వరం, గొంతు నొప్పి, దద్దుర్లు, మెడలో గడ్డల్లా బిళ్లలు వస్తాయని, వాటంతటవే తగ్గిపోతాయని అన్నాడు. బావేమో సీజన్లో రోజుల తరబడి బయట తిరిగే మనిషి. కడుపుతో ఉన్న అక్క సంగతేంటి? లోపలి బిడ్డ సంగతేంటి?

"రేపు ఆసుపత్రికెళ్లి హెచ్‌ఐవీ పరీక్ష సేయించుకో బావా," అన్నాను, అక్కకి వినపడకుండా.

బావ తువ్వాలు పిండుతూ నవ్వాడు. "ఏటిరా బామ్మర్దీ, నామీదేనా అనుమానం? సెరుకాకు గీరుకుంటే ఇలాగే అవుద్ది."

"అక్కకేటైనా అయితే నిన్ను బతకనివ్వను."

"అయితే పందెం. నువ్వు సేయించుకుంటే నేనూ సేయించుకుంటాను. నువ్వు మానేస్తే నేనూ మానేస్తాను."

"నాకేటి రోగం? దున్నపోతులాగున్నాను!" అని కస్సుమన్నాను. కానీ ఆయన్ని లాక్కెళ్లడానికి వేరే దారి కనపడలేదు. సరేనన్నాను.

సోమవారం పొద్దున్నే ఇద్దరం ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నాం. పరీక్షకి ముందు సలహాలు చెప్పే కౌన్సిలరమ్మ ఒక్కొక్కరినే లోపలికి పిలిచి మాట్లాడింది. కండోమ్ లేకుండా ఎవరినైనా కలిశావా అని నన్నడిగింది. లేదని అబద్ధం చెప్పేశాను. రక్తం ఇచ్చి వచ్చాక, ఫలితం వచ్చేదాకా బావని ఉరిమి చూస్తూ కూర్చున్నాను.

ముందు ఆయన్ని పిలిచారు. చేతులూపుకుంటూ బయటికొచ్చాడు. "ఏటీ లేదంట," అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత నన్ను పిలిచారు. ఆవిడ లేచి తలుపు వేసింది.

ఒకటికి మూడు పరీక్షలు చేశామని, నాకు హెచ్‌ఐవీ ఉందని చెప్పింది. కారణం తెలియని జ్వరం ఎప్పుడైనా వచ్చిందా అని మెల్లగా అడిగింది. అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట, స్నేహితులతో ఒక లాడ్జికి వెళ్లొచ్చిన నెలలోపే, పది రోజులు నా గదిలో జ్వరంతో పడి ఉన్నాను. ఛాతీ నిండా దద్దుర్లు. బావే వచ్చి గంజి కాచి పోశాడు. వేడి చేసిందనుకుని బార్లీ నీళ్లు తాగాను, తగ్గింది, మర్చిపోయాను. ఆ తర్వాత ఏళ్ల తరబడి పైకేమీ కనిపించకపోవచ్చట, పరీక్ష తప్ప తెలిసే దారి లేదట. డాక్టరు చెప్పినవన్నీ కంఠతా పట్టి బావ ఒంటి మీద వెతికాను గానీ నా ఒళ్లు నాకు గుర్తు రాలేదు. ఎంత సిగ్గేసిందో!

బయటికొచ్చి బావకి చెప్పాను. ఆయన వెటకారం ఆడలేదు. నా జబ్బ పట్టుకుని రోడ్డు దాటించి చెరకు రసం బండి దగ్గర నిలబెట్టాడు. సగం తాగి గ్లాసు పక్కన పెట్టేశాను. "అల్లం ఏయించి తీయించేను, పారబోస్తావేటి?" అంటూ నా గ్లాసెత్తి మిగతాది గటగటా తాగేశాడు. నేను రోడ్డు మీదే ఏడ్చేశాను.

వడ్డాది సంబంధం నేనే వదులుకున్నాను. వాళ్లు నానా మాటలూ అన్నారు, పడ్డాను. రోజుకో మాత్ర మొదలైంది. నేనెక్కడున్నా పొద్దున్నే బావ ఫోను. "ఏసేవేట్రా?" "ఏసేను." అంతే, పెట్టేస్తాడు. ఏడాది తిరిగేసరికి నా రక్తంలో వైరస్ పరీక్షకి అందనంతగా తగ్గిపోయింది. మాత్ర మానకుండా అలాగే నిలబెట్టుకుంటే, రేపు పెళ్లయినా కలయిక వల్ల భార్యకి సోకదని డాక్టరన్నాడు. ఆమెకి ముందే నిజం చెప్పి చేసుకోమన్నాడు.

అక్కకి మాత్రం చాలాకాలం చెప్పలేదు. మొన్న వేసవిలో మేనకోడలు నా ఒళ్లో కూర్చుని మీసం లాగుతుంటే ఇక దాచలేకపోయాను. అక్క ఏడ్చింది, తిట్టింది, గుంటని మాత్రం నా ఒళ్లోంచి తియ్యలేదు. బావని అనుమానించిన సంగతీ, పందెం సంగతీ కూడా చెప్పాను. అక్క కళ్లు తుడుచుకుని నన్ను వింతగా చూసింది.

"అప్పుడు మీ బావకి పరీక్షెందుకురా? నాకు మూడో నెల్లో నర్సమ్మ ఇద్దర్నీ రమ్మంటే నాతోటే సేయించుకున్నాడు కదా. ఏటీ లేదన్నారు."

బావ పెరట్లో ట్రాక్టరు కడుగుతున్నాడు. వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. "మరి నాతో పందెమెందుకు కట్టేవు?"

ఆయన తలెత్తలేదు. "నర్సమ్మ ఆ లచ్చనాలు సెప్తుంటే నీ జ్వరమే గుర్తొచ్చిందిరా. పెళ్లి సూస్తే దగ్గరపడిపోయింది. సూటిగా అడిగితే నా పీక నొక్కీవోడివి కాదేటి?" గుడ్డ పిండి చక్రం మీద ఆరేశాడు. "ఇందాక అడగడం మర్సిపోయేను. ఏసేవేట్రా?"

"ఏసేను బావా," అన్నాను. ఆ గుడ్డ అందుకుని రెండో చక్రం తుడవడం మొదలెట్టాను.