కరాళుడి గోడ కూలిన ఆదివారం

నవ్వుతానంటే నవ్వండి గానీ మధ్యలో ఆపకండి. నా అంత తెలివైనవాడు బెజవాడలో లేడనుకునే రోజుల్లో, నా సామ్రాజ్యాన్ని నా నోటితో నేనే ముంచుకున్న వైనం చెప్తున్నాను. శత్రువులెవరూ చెయ్యి కూడా చేసుకోలేదండీ, అంతా స్వయంకృషి.

మేం ఆదివారాలు ఒక ఆట ఆడేవాళ్లం. బల్ల చుట్టూ కూర్చుని, పాచికల్లాంటి డైస్ వేస్తూ, నోటితోనే కథ నడుపుకోవాలి. ఒకడు కథ చెప్తాడు, రాక్షసుల తరఫున మాట్లాడతాడు. మిగతావాళ్లు తలో పాత్ర, తలో శక్తి పట్టుకుని ఆ రాక్షసుడి మీదికి వెళ్తారు. మా మధ్య ఒక్కటే ఒప్పందం: రాక్షసుణ్ణి పడగొట్టినవాళ్లకే కథ చెప్పే కుర్చీ.

ఆ కుర్చీలో ఎనిమిది నెలలుగా నేనే. బెంజ్ సర్కిల్ దగ్గర మా ఆఫీసులో నేను నోరు తెరిస్తే మేనేజరు ఫోన్ ఎత్తేవాడు. ఇంట్లో తెరిస్తే మా నాన్న టీవీ సౌండ్ పెంచేవాడు. ఈ కుర్చీలో కూర్చుంటే మాత్రం ముగ్గురు మనుషులు నోరెళ్లబెట్టి వినేవాళ్లు. అది పోతే నేనేమైపోతానని నిజంగానే భయం వేసేది.

అందుకే మంత్రపు గోడ కట్టాను. లోపల నా రాక్షసుడు కరాళుడు. గోడ రూలు నోటుపుస్తకంలో ఎర్ర ఇంకుతో రాసుకున్నాను: "ఏ శక్తీ ఈ గోడ దాటలేదు, కరాళుడు తన నోటితో లోపలికి రమ్మంటే తప్ప." రాక్షసుడు ఎవరినైనా రమ్మంటాడా? నా తెలివికి నాకే ముద్దొచ్చింది.

ఆట నా స్నేహితుడు కిరణ్ వాళ్లింట్లో. చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ మాకిచ్చేవాళ్లు. ఆరోజు రూలు చదివి వినిపించానో లేదో, కిరణ్ లేచాడు.

"నేను పొగలా మారి దూరిపోతా."

"దూరలేవు."

"పోయిన వారం జైలు గోడలోంచి దూరానుగా!"

"అది ఇటుకల గోడ. ఇది మంత్రపు గోడ."

"నాదీ మంత్రమేగా! నీ మంత్రం ఏమైనా గెజిటెడ్ ఆఫీసరు సంతకం పెట్టినదా?"

వాడి చెల్లెలు లావణ్య అందుకుంది. "నేనసలు గోడని ముట్టుకోను. ఇక్కడ మాయమై అక్కడ తేలతాను."

"కుదరదు. గోడ పైనా ఉంది, కిందా ఉంది."

"అయితే అది గోడ కాదు, డబ్బా."

"డబ్బానే అనుకో."

"డబ్బాలోకి గాలెలా వెళ్తోంది? గాలి వెళ్తే మా అన్నయ్య పొగెందుకు వెళ్లదు?"

"కరాళుడికి గాలి అక్కర్లేదు" అన్నాను గంభీరంగా.

"పోయిన వారం గురక పెట్టాడన్నావు!"

గంటసేపు ఇదే గోల. నేను మాత్రం "చెల్లదు, చెల్లదు" అంటూ, రేషన్ షాపులో డీలరులా బిగుసుకుని కూర్చున్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అప్పుడు నోరు విప్పారు రూతమ్మ ఆంటీ. కిరణ్ వాళ్లమ్మ. ఉయ్యూరులో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆటకి మనిషి తక్కువైతే కూర్చోబెట్టాం. ఆటలోనూ నర్సు పాత్రే తీసుకున్నారు. ఆవిడ శక్తి ఏంటంటే నొప్పి తెలియకుండా నిద్ర సూది వెయ్యడం. ఎనిమిది నెలల్లో ఆ శక్తిని నేను లెక్కలోకి తీసుకుంటే ఒట్టు.

"కరాళుడికి మన మాటలు వినపడతాయా నాన్నా?"

"వినపడతాయి ఆంటీ. పిలిచి చూడండి" అన్నాను జాలిగా.

ఆంటీ కొంగు సర్దుకున్నారు. "అన్నయ్యగారూ! బాగున్నారా? ఇటుగా వెళ్తూ, ఒకసారి చూసి పోదామని ఆగానండీ."

"ఎవరదీ?" అన్నాను, గొంతు బొంగురు చేసి.

"నేనండీ, నర్సుని. అబ్బ, ఏం ఎండండీ బాబూ, కళ్లు తిరుగుతున్నాయి."

"అయ్యో, ఎండలో నిలబడ్డారేంటండీ? రండి రండి, లోపలికి రండి. మంచినీళ్లు తాగుతారా?"

కిరణ్ నా నోటుపుస్తకం లాక్కుని, ఎర్ర ఇంకు రూలు పైకి చదివాడు. రెండుసార్లు.

"అది నేనన్నాను, కరాళుడు కాదు!"

"గొంతు బొంగురుగానే ఉంది" అంది లావణ్య.

"మర్యాదకి అన్న మాటది! లెక్కలోకి రాదు!"

ఆంటీ మొహం చిన్నబోయింది. "మర్యాదకి రమ్మంటే రాకూడదా నాన్నా? మొన్న మీ అమ్మగారు రమ్మంటే వచ్చి టిఫిన్ కూడా చేశానే. అదీ లెక్కలోది కాదా?"

గోడ కూలిందని ఒప్పుకున్నాను. ఆంటీ లోపలికి వచ్చి, మంచినీళ్లు తాగి, "చీమ కుట్టినట్టుంటుంది, అంతే అన్నయ్యగారూ" అని డైస్ వేశారు. ఇరవై ముఖాల డైస్ మీద అన్నిటికన్నా పెద్ద అంకె, ఇరవై పడింది, అంటే సూది దిగినట్టే. కరాళుడు గురక పెట్టాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మరుసటి ఆదివారం కుర్చీలో ఆంటీ. నేను వారమంతా ఆలోచించి, ఎగిరే చెప్పులున్న వీరుడిగా వచ్చాను. ఆవిడ ఎంత గోడ కట్టినా పైనుంచి ఎగిరిపోవచ్చని. తీరా చూస్తే గోడే లేదు. కోట తలుపు బార్లా తెరిచి ఉంది.

"రా నాన్నా, లోపలికి రా" అన్నారు ఆంటీ, కోట రాణి గొంతుతో. "కాళ్లు కడుక్కో, భోజనానికి వేళయింది."

"ఆ, వస్తున్నానండీ. చెప్పులు బయట విప్పేసి..." అన్నాను.

కిరణ్ బల్ల మీద తల పెట్టుకుని నవ్వుతున్నాడు. ఆంటీ నిదానంగా తలుపు గడియ వేశారు. "చెప్పులు బయట, నువ్వు లోపల. డైస్ వెయ్యి నాన్నా."

అందుకని, చదువుతున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎంత గట్టి గోడ కట్టినా, దాని వెనక మా అమ్మ పెంచిన కొడుకుని మాత్రం చచ్చినా కూర్చోబెట్టను.