సీసాల్లో చుట్టాల నీళ్లు

పరిశోధన చేసేవాడికి ఒక గైడు చాలు. నాకు ముగ్గురు తగులుకున్నారు. ఒకాయనది సైన్సు బోధన, ఇంకొకాయనది పరిసరాలు, మూడో ఆయనది ప్రజారోగ్యం. ఒకరంటే ఒకరికి పడదు. ముగ్గుర్నీ మెప్పించాలని నా థీసిస్ అంశాన్ని సాగదీసి సాగదీసి ఇలా తయారు చేశాను: తీర గ్రామాల తాగునీరు, దాన్ని తాగే బడిపిల్లల ఆరోగ్యం, ఆ నీటినే పరీక్షిస్తూ పిల్లలకు సైన్సు నేర్పే విధానం. వినిపిస్తుంటే మా ఆవిడ సగంలోనే కునుకు తీసింది.

అరవైల చివర, ఒక మార్చి నెలలో, కళింగపట్నం దగ్గరి జాలర్ల పల్లె నుంచి అక్కడి బడి మాస్టారు ఉత్తరం రాశారు. కోటబొమ్మాళి మనిషి, నాకు పాత స్నేహితుడు. పల్లెలో పిల్లలకు అస్తమానం విరేచనాలట. బడి ఆవరణలో మంచి నుయ్యి తవ్వించమని బ్లాకు ఆఫీసరు చుట్టూ తిరిగితే, ఇప్పుడున్న నీళ్లు పనికిరావని కాలేజీవాళ్ల చేత రాయించి తెమ్మన్నాడట. నాకు థీసిస్, ఆయనకు నుయ్యి. వస్తున్నానని జవాబు రాశాను.

శుక్రవారం ఉదయం ఆరూ ఇరవైకి విజయనగరంలో పాసింజరు ఎక్కాను. చేతిలో గడ్డి పరిచి ఖాళీ సీసాలు సర్దిన చెక్కపెట్టె. గరివిడిలో ఎక్కిన ఒక రైతు నా పని ఏమిటని అడిగాడు. చెప్పాను. "నీళ్లు సూడ్డానికి జీతమిస్తారేటి? మావోడు పదో తరగతి తప్పీసి కూకున్నాడు, ఆడికీ ఆ పని సూడండి బాబూ" అన్నాడు. మా ప్రొఫెసర్ల సంగతి తెలిసినవాణ్ణి కాబట్టి అబ్బాయికి అర్హత లేదని అనలేకపోయాను.

ఎనిమిదిన్నరకు శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగి, బస్సులో ఊళ్లోకి వెళ్లాను. ఎవరైనా ఈ దారిన వెళ్లేవాళ్లుంటే స్టాండు దగ్గరే ఇడ్లీ తినేయండి, తర్వాత దొరికేది దుమ్మే. పదకొండు గంటల కళింగపట్నం బస్సు పదకొండూ ముప్పావుకి కదిలింది. దిగాక ఇసుకలో అరగంట నడక. చేపలు ఎండేసిన వాసన ముందొచ్చింది, పల్లె తర్వాత వచ్చింది.

నా భోజనం అప్పాయమ్మ ఇంట్లో ఏర్పాటు చేశారు. చేపలు గంపకెత్తుకుని ఊరూరా అమ్మే మనిషి. ఆమె చిన్న కూతురు గోడవారన చాప మీద పడుకుని నన్నే చూస్తోంది. కొత్తమనిషిని చూసి సిగ్గుపడుతోందనుకున్నాను. వేడన్నం, చేపల పులుసు, ఆ పులుసు కారానికి మూడు గ్లాసుల నీళ్లు. ఎంత తియ్యగా ఉన్నాయంటే, ఇంత మంచి నీళ్లు పెట్టుకుని ఈ మాస్టారు ఎందుకు గోల పెడుతున్నాడా అనిపించింది.

మధ్యాహ్నం బళ్లో ఇరవై మంది పిల్లలకూ తలా ఒక సీసా ఇచ్చి, ఇంట్లో తాగే నీళ్లు నింపుకుని రమ్మన్నాను. శనివారం పొద్దున పదింటికి సీసాలన్నీ వచ్చాయి. బూడిదతో తోమి, మూతికి ఉతికిన గుడ్డ కట్టి, పెళ్లివారింటికి పంపినట్టు పంపారు. సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే ఉప్పున్న నీళ్లు తెల్లబడతాయని, ఎంత ఉప్పుంటే అంత చిక్కగా తెల్లబడతాయని పిల్లలకు గంభీరంగా పాఠం చెప్పాను. మొదటి సీసాలోంచి కాసిని నీళ్లు గాజుగొట్టంలోకి ఒంపి చుక్క వేశాను. ఏదో పొగమంచులా కదిలి ఊరుకుంది. రెండో సీసా అంతే. ఇరవయ్యోదీ అంతే. పిల్లలకు పాఠం మీద నమ్మకం పోయింది, మాస్టారి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

మురికి సంగతి లాబ్‌లో తేలాలి గాని, ఉప్పు మాట వరకు ఈ నీళ్లకు వంక పెట్టడానికి లేదు. శాస్త్రజ్ఞుడు నిజమే రాయాలి కదా అని కాగితం తీసి కలం మూత విప్పాను. ఆ పూట నా మీద నాకు చెప్పలేనంత గౌరవం కలిగింది.

అప్పుడే అప్పాయమ్మ భోజనానికి పిలవడానికి వచ్చింది. ఏ నూతి నీళ్లు పంపారని మాస్టారు అడిగారు.

"మంచినీళ్ల నుయ్యివే. తెల్లారకముందే అందరం ఎల్లి తెచ్చినాం, మైలున్నర. పట్నం నుంచి వొచ్చిన బాబుకి ఉప్పునీళ్లు అంపుతామేటి?"

"మరి పిల్లలు రోజూ తాగేవి?" అన్నాను.

"ఇంటెనక గుంటలోవి. రోజూ అంత దూరం నడిస్తే సేపలెవులు అమ్ముతారు? తెచ్చిన ఒక్క బిందీ సుట్టాలకి అట్టేపెడతాం."

చాప మీది పిల్ల సంగతి అడిగాను. మూడు రోజులుగా కడుపులో ఏమీ నిలవడం లేదట. నేను తాగిన మూడు గ్లాసులూ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. కలం మూత పెట్టేశాను.

నుయ్యి కావాలంటే చెడ్డ నీళ్లే చూపించాలని మాస్టారు ఇంటింటికీ తిరిగి బతిమాలారు. ఆడవాళ్లు ఒప్పుకోలేదు. ఆ నీళ్లు సీసాల్లో పోసి పదిమందికీ చూపిస్తే రేపు తమ ఊరికి పిల్లనెవరిస్తారని తగువు. వాళ్లింటి సీసా పట్టుకుని వెళ్లి, నేను చుట్టాన్ని కానని అప్పాయమ్మతో అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి పెరట్లోకి వెళ్లి గ్లాసు నింపి తెచ్చింది.

"సుట్టానివి కాకపోతే ఇంట్లోవోడివే. మా పిల్లలు తాగిందే తాగు."

తాగాను. ఉప్పు, పైన చేపలు కడిగిన వాసన. కళ్లు మూసుకుని గ్లాసు ఖాళీ చేసేదాకా ఆమె కదల్లేదు. ఆ తర్వాత తనే ఆ సీసా తీసుకుని, మంచినీళ్లు చిన్న కూతురి చెంబులోకి ఒంపి, గుంట నీళ్లు నింపింది. తన పల్లె పేరు మాత్రం ఆఫీసరు కాగితంలో తప్ప ఎక్కడా రాయొద్దని మాట తీసుకుంది. ఇదిగో, రాయలేదు. చుట్టాల బిందెలో నీళ్లు కాచి చల్లార్చి చిన్నదానికే పట్టమన్నాను.

"సుట్టమొస్తే?" అంది.

"నాకు పోసిందే పొయ్యి" అన్నాను.

అప్పాయమ్మను చూసి, రెండింటికల్లా తక్కిన సీసాలూ మారి వచ్చాయి. ఈసారి చుక్క పడగానే ఒక్కొక్కటీ పాలు విరిగినట్టు తెల్లబడింది. పాఠం ఇప్పుడు బాగా ఎక్కింది. ఎవరింటి నీళ్లు ఎక్కువ తెల్లబడతాయా అని పిల్లలు పందేలు కట్టుకున్నారు. గెలిచినవాడు ఎగిరి గంతేశాడు. ఈ నీళ్లు తాగడానికి పనికిరావని రాసి సంతకం పెట్టాను. మాస్టారు రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, ఆ జేబును చేత్తో అదిమి పట్టుకునే నన్ను బస్సెక్కించారు. ఆ కాగితంతో సోమవారమే ఆఫీసరు దగ్గరికి వెళ్తానన్నారు.

నాలుగు గంటల బస్సు. ఏడింటికి శ్రీకాకుళం రోడ్‌లో పాసింజరు దొరికింది. పొందూరు దాటేలోపు రెండుసార్లు బోగీ చివరి పాయిఖానాకు పరుగెత్తి వచ్చాను. నా పరిశోధనలో ఆరోగ్య విభాగం ఆ విధంగా రైల్లోనే మొదలైంది. పొడుగాటి ఆ అంశాన్ని ముగ్గురు ప్రొఫెసర్లకన్నా అప్పాయమ్మ ఒక్క గ్లాసులో బాగా వివరించిందనుకుంటూ నీరసంగా కూర్చున్నాను.

ఎదురుగా చంటిపిల్లతో ఉన్న ఒకామె నా చెక్కపెట్టెలోకి తొంగి చూసి, పాపకు దాహంగా ఉంది, ఒక సీసా ఇమ్మంది. అవి ఇవ్వకూడదన్నాను.

"తాగని నీళ్లు మోసుకెళ్లడమేటి బాబూ?"

"తాగుతారమ్మా."

"ఎవులు?"

"పిల్లలు" అన్నాను.

ఆమె నన్నూ ఆ సీసాల్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత పాపను చంకకు గట్టిగా హత్తుకుని, నా పెట్టెకు దూరంగా కిటికీ వైపు జరిగి కూర్చుంది.