డ్రిల్లు మాస్టారి ఈల

మా హాస్టలు బడిలో డ్రిల్లు మాస్టారు అన్నంలోకి మజ్జిగ కావాలన్నా ఈలే వేసేవారు. అది వినపడితే ఎంతటివాడైనా ఉన్నచోటే అటెన్షన్‌లో నిలబడాలి.

ఓ చైత్రంలో ఆయన అనంతగిరి ఘాట్‌లో దిగుడు సైకిల్ పందెం పెట్టారు. చుట్టుపక్కల గూడేల పిల్లలంతా మలుపు మలుపుకీ గట్లెక్కి కూర్చున్నారు. పదిమందిమి అద్దె సైకిళ్ల మీద, చెప్పుకాళ్లే బ్రేకులుగా దూసుకొచ్చాం. గెలుపుగీతకి ఇంకో యాభై గజాలుందనగా రోడ్డుకి అడ్డంగా వెదురుబొంగు. చైత్రంలో గూడేలవాళ్లు చేసుకునే ఇటుకల పండగ సంగతి మాస్టారు మరిచిపోయారు. మగవాళ్లు వేటకెళ్లే ఆ రోజుల్లో ఆడవాళ్లు దారికట్టి, ఏదో ఒకటి పుచ్చుకుంటేగాని ఎవరినీ వదలరు.

గెలుపుగీత దగ్గర్నుంచి మాస్టారు ఈలేసుకుంటూ పరిగెత్తుకొచ్చారు.

“పందెం ఆగిపోనాది, బేగి తియ్యండమ్మా.”

“ఈలకి బొంగు లెగదు మాస్టారూ. ఏటో ఒకటి ఇచ్చీ,” అంది ముందున్న ముసలమ్మ.

ఆయన జేబులు తడుముకున్నారు. రుమాలు కూడా లేదు. గట్ల మీద కుర్రాళ్లు గోల మొదలెట్టారు. చివరికి మెడలోంచి ఈల తీసి, బిడ్డని అప్పగించినట్టు ఆవిడ చేతిలో పెట్టారు.

బొంగు లేచింది. మేం మళ్లీ తొక్కాం. నేనే ముందున్నాను, గీత రెండు బారల దూరంలో ఉంది. అప్పుడు ముసలమ్మకి ఆ ఈల ఊది చూడాలనిపించింది.

పదిమందిమీ సైకిళ్లు దిగి అటెన్షన్‌లో నిలబడ్డాం. నాకు ఏడుపొచ్చింది. మాస్టారు తిడతారేమోనని ఓరకంట వెనక్కి చూశాను.

ఆయన ముసలమ్మ పక్కనే మడమలు జోడించి, గెడ్డం పైకెత్తి, కదలకుండా నిలబడి ఉన్నారు.