పాతరలోకి దించిన దీపం

ఆ పొద్దు మబ్బు పట్టింది. వాన పడితే చెట్టుమీది పత్తి నల్లబడుతుందని కూలివాళ్ళతోపాటు నేనూ సాళ్ళలో వంగి తీస్తున్నాను. సగం చేను మిగిలి ఉండగా ఫోను వచ్చింది. మా పెద్దమ్మ చనిపోయింది. ఒడిలోని పత్తి గట్టుమీద పోసి, మిగతాది కానీయమని వాళ్ళకు చెప్పి ఆదోని దారిలో ఉన్న ఆమె ఊరికి బస్సు ఎక్కాను.

నేను రాసే కథలు మీలో కొందరికి తెలిసే ఉంటాయి. కుంఫిణీ కాలంలో ఆదోని నుంచి బళ్ళారికి పత్తి బండి తోలిన బసన్న కథలు. పత్తి కింద మందుగుండు దాచి, తిరగబడినవాళ్ళకు చేరవేస్తుంటాడు. ఐదు పుస్తకాలు వచ్చాయి. బసన్న నేను కల్పించినవాడు. వాడి తిండి, వాడి బండి, వాడు నడిచిన దారులు మాత్రం ఎమ్మిగనూరు దాకా ఊరూరా తిరిగి, అడిగి రాసినవి.

పుస్తకం అచ్చయి రాగానే మొదట పెద్దమ్మకు చదివి వినిపించేవాణ్ణి. ఆమెకు చూపు తగ్గింది. చేటలో శనక్కాయలు పెట్టుకుని ఒలుస్తూ వినేది. కథ బిగువెక్కితే చేతులు ఆగిపోయేవి. బిగువు తగ్గితే కాయలు టపటప పగిలేవి. “బండి కదల్లేదురా,” అనేది. నాకు ఆమెను మించిన విమర్శకులు దొరకలేదు.

ఐదో పుస్తకం చివర సిపాయిలు బసన్నను తరుముకొస్తారు. ఊరివాళ్ళు అతన్ని నేలలో తవ్విన జొన్న పాతరలోకి దించి, మూతిమీద బండ వేసి, మన్ను కప్పుతారు. సిపాయిలు సరిగ్గా ఆ బండ పక్కనే గుడారాలు వేస్తారు. అక్కడ పుస్తకం అయిపోతుంది. మంచి చోట ఆపానని నేను అనుకున్నాను. పెద్దమ్మ చేతులు ఆగిపోయాయి. చదవడం అయ్యాక కూడా కదల్లేదు.

“దీపం దించినారా?” అంది.

“ఏం దీపం పెద్దమ్మా?”

“పాతరలోకిరా. జొన్నలుండే పాతరలో గాలి సెడిపోయుంటాది. ముందు దీపం దించి సూస్తారు. ఆరిపోతే ఎవురూ దిగరు. నీ బసన్న ఈపాటికి సచ్చిపోయింటాడు.”

అప్పుడు వాళ్ళ అన్న సంగతి చెప్పింది. ఆమె చిన్నప్పటి మాట. మబ్బు కమ్ముకొచ్చింది, పాతరలోకి నీళ్ళు దిగకముందే జొన్నలు తీయాలి. దీపం తెమ్మని ఆమెను ఇంటికి పంపారు. ఆమె గాలికి చెయ్యి అడ్డం పెట్టుకుని, దీపం ఆరకుండా తెచ్చేలోపల, వాన వచ్చేస్తుందని ఆయన దిగాడు. మళ్ళీ లేవలేదు.

“బసన్నను బయటికి తీయి. యట్ల తీస్తావో నాకు తెల్దు. అబద్ధం మాత్రం రాయొద్దు,” అంది.

ఆ తర్వాత నేను ఎప్పుడు వెళ్ళినా, నీళ్ళు ఇవ్వకముందే అడిగేది. “వాణ్ణి ఏం సేసినావురా?” ఆమెకు ఆయాసం ఉండేది. ఈ ఏడు బాగా ముదిరింది. నాలుగు మాటలకు ఒకసారి ఆగి ఊపిరి తీసుకునేది. ఆసుపత్రివాళ్ళు మందులు రాసిచ్చి, ఇంట్లోనే ఉంచమన్నారు. పుస్తకం ఆలస్యమైతే పాఠకులు ఎదురుచూస్తారు. ఆమెకు ఆ వ్యవధి లేదని నాకు తెలుసు. రాసిన ప్రతి దారీ అబద్ధంగానే కనిపించింది. చించేశాను.

చివరికి ఉరుకుంద దగ్గర మా మామ ఊరికి వెళ్ళాను. పెద్దమ్మకు తమ్ముడు. ఆయన పెరట్లో చిన్న పాతర ఒకటి ఇంకా మిగిలి ఉంది. బండ జరిపి, బుడ్డిదీపానికి తాడు కట్టి దించాడు. మనిషి ఎత్తు కూడా దిగకముందే, గుటుక్కున మింగినట్టు మంట పోయింది.

“ఏమల్లుడా, నీ బసన్నను దింపుదామా, నువ్వే దిగుతావా?” అన్నాడు.

బండ పక్కకు పెట్టి, ఆ పగలంతా మూతి తెరిచి ఉంచాం. మర్నాడు మళ్ళీ దించాడు. దీపం అడుగు దాకా వెలుగుతూ పోయింది. జొన్నలు కనిపించాయి. నేను వంగి చూస్తుండగా టక్కున ఆరిపోయింది. నేను ఎగిరి వెనక్కి పడ్డాను. మామ నవ్వాడు.

“యాడ ఆరింది! నేనే తాడు ఊపినా. ఎంత భయమప్పా నీకు!”

ఎమ్మిగనూరు బస్సులోనే అధ్యాయం మొదలుపెట్టాను. రాయడం అయిన రోజే పెద్దమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. గోడకు దిండు ఆనించి ఆమెను కూర్చోబెట్టారు. చేట ఒళ్ళోనే ఉంది.

చదివాను. సిపాయిలకు గుర్రాల దాణాకు జొన్నలు కావాలి. పాతర తెరవమంటారు. ఒక ఆడమనిషి దీపంతో వస్తుంది. బసన్నను దించే ముందురోజంతా ఆ పాతర తెరిచే ఉంది, అందుకే లోపల గాలి ఉంది, దీపం ఆరదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. బసన్న కింది నుంచి ఆ మంటను చూస్తున్నాడు. జమేదారు పై నుంచి తొంగి చూడబోతున్నాడు. ఆమె తాడు ఒక్క ఊపు ఊపుతుంది. చీకటి. చెడుగాలి ఉంది దొరా, దిగితే చావే, తెల్లవార్లూ మూత తీసి పెట్టాలి అంటుంది. జమేదారు వెనక్కి జరుగుతాడు. బండ మళ్ళీ మూయరు.

కాయలు పగిలే చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

“ఆయమ్మ... దీపం టయానికి తెచ్చిందా?” అంది.

“తెచ్చింది పెద్దమ్మా.”

చాలాసేపు ఊపిరి తీసుకుంది. తర్వాత ఒక కాయ పగిలింది.

“సిపాయిలు యెప్పుడు పోయినారు?”

“ఇంకా రాయలేదు.”

“కోడి కూయకముందే పోయినారని రాయి. బసన్న ఊరికే పోకూడదు. ఆయమ్మ సద్ది కట్టిచ్చినాక పోయినాడని రాయి.”

అదే ఆమె నాతో అన్న చివరి మాట.

మట్టి చేసి ఇంటికి వచ్చాక, ఆమెను పడుకోబెట్టిన చోట దీపం పెట్టారు. అప్పటికి వాన పట్టుకుంది. చేలో మిగిలిన పత్తి తడిసి ఉంటుంది. నేను ఆ గోడ పక్కనే కూర్చుని, ఆమె చెప్పిన రెండు వాక్యాలూ చెప్పినట్టే రాశాను.

ఆదోని నుంచి వచ్చిన చుట్టాలు మూడు గంటల బస్సుకు వెళ్ళారు. మామ దీపంలో నూనె పోసి, వత్తి ఎగదోసి, వాన తెరిపిచ్చాక ఉరుకుంద ఆటోకు వెళ్ళాడు.