తొమ్మిదో అంతస్తు సాయమ్మ

రాయదుర్గంలోని ఒక అద్దాల భవనంలో, తొమ్మిదో అంతస్తు లిఫ్టు ముందున్న నాలుగు టైల్స్ సాయమ్మవి. కాగితం మీద కాదు లెండి. ఆ భవనం కడుతున్న రోజుల్లో ఆమె పెనిమిటి మొగిలి అక్కడ సెంట్రింగ్ పని చేసేవాడు. లిఫ్టు కోసం వదిలిన గుంతకు అడ్డంగా ఒక చెక్క పెట్టాలన్న బుద్ధి ఏ మహానుభావుడికీ పుట్టలేదు. మొగిలి తొమ్మిదో అంతస్తు నుంచి అందులోనే పడి పోయాడు. శవాన్ని తీసిన గంటకల్లా పైన పని మళ్ళీ మొదలైంది.

భవనం లేచాక సాయమ్మ పట్టుబట్టి అందులోనే హౌస్‌కీపింగ్‌లో చేరింది. తొమ్మిదో అంతస్తే కావాలని సూపర్‌వైజర్ ఓంకార్‌ను కాళ్ళావేళ్ళా పడి బతిమాలింది. ఎందుకో మాత్రం చెప్పలేదు. చెబితే పిచ్చిదని పంపేస్తారని భయం. ఆరేళ్ళుగా అందరికంటే ముందొచ్చి, మాప్ కర్ర గోడకు ఆనించి, ఆ నాలుగు టైల్స్‌నూ చేత్తోనే తుడుస్తుంది. తుడుస్తూ మొగిలికి ఇంటి సంగతులు చెబుతుంది. బియ్యం నిండుకున్నాయని, మోకాలు సలుపుతోందని. నవ్వొస్తే నవ్వుకోండి, ఆమె మాత్రం ఆ పావుగంట కోసమే ఇంత ముద్ద తిని బతుకుతోంది.

పోయిన ఆషాఢంలో ఆ అంతస్తు కంపెనీవాళ్ళకు జీవితానికి అర్థం వెతుక్కోవలసిన అవసరం పడింది. ఉద్యోగం మానేసి పోయేవాళ్ళు ఎక్కువయ్యారట. ఉమాశ్రీ అనే సైకాలజిస్టును పిలిపించారు. మంచి మనిషే, కళ్ళలోకి చూసి మాట్లాడుతుంది. అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టింది.

"ఇక్కడ మాట్లాడింది ఈ గది దాటదు. మీ పనిలో మీకు కనిపించే అర్థం ఏమిటో మనసులోంచి చెప్పండి" అంది.

ఒకాయన తల గోక్కున్నాడు. ఒకావిడ, తన కుక్కపిల్లే తనకు సర్వస్వం అంది. ఇంతలో నీళ్ళ సీసాలు సర్దుతున్న సాయమ్మ మీద ఉమాశ్రీ చూపు పడింది.

"అమ్మా, మీరూ కూర్చోండి. ఇక్కడ అందరం సమానమే."

ఆరేళ్ళలో ఆ భవనంలో ఆమెను కూర్చోమన్నవాళ్ళు లేరు. కుర్చీ అంచున కూర్చుంది. ఆ ఒక్క మాటకే కరిగిపోయింది పిచ్చితల్లి.

"మా ఆయన గీ లిఫ్టు కాడనే పడి సచ్చిండు మేడం. గా జాగ నేను దప్ప ఎవ్వలు తుడువొద్దని వస్త. ఆయనతోని మాట్లాడుకుంట తుడుస్త. గంతే."

గదంతా ఏడ్చింది. దొంగ ఏడుపు కాదు, నిజంగానే ఏడ్చారు. కళ్ళు తుడుచుకునే కాగితాలు చాలకపోతే సాయమ్మే లేచి వెళ్ళి ఇంకో డబ్బా తెచ్చింది. చప్పట్లు కూడా కొట్టారు. ఆ తర్వాత అందరూ లిఫ్టు దాకా వచ్చి, ఆ నాలుగు టైల్స్ చూసి, మెట్ల మీదుగా దిగిపోయారు.

మూడో రోజున ఓంకార్ పిలిచాడు.

"నిన్ను నార్సింగి సైటుకు మార్చిండ్రు. రేపటిసంది గాడికే పో."

"నేనేం తప్పు జేసిన సార్?"

"తప్పేం లేదు. లిఫ్టు ఎక్కాలంటే అందరికి భయమైతుందంట. గా టైల్స్ గూడ పీకేస్తుండ్రు. నీ మనసుకు గిదే మంచిదని సైకాలజిస్టు మేడం గూడ రాసిచ్చింది."

సాయమ్మ కింద రిసెప్షన్ దగ్గర రెండు గంటలు నిలబడింది. ఉమాశ్రీ రాగానే రెండు చేతులూ పట్టుకుంది.

"గది దాటదంటిరి గద మేడం."

ఉమాశ్రీ ఆమె భుజం నిమిరింది. ఎంతో ప్రేమగానే నిమిరింది.

"మీ మంచికేనమ్మా. ఎన్నాళ్ళని ఆ చావును పట్టుకుని కూర్చుంటారు? ఇకనైనా మీకోసం మీరు బతకాలి."

"గా జాగల మా ఆయన ఉన్నడు మేడం. నార్సింగిల నాకెవ్వలున్నరు? ఇగ నేను దేనికి బతకాలె?"

ఉమాశ్రీ కళ్ళు మెరిశాయి.

"ఎంత మంచి ప్రశ్న అడిగారమ్మా!" అంటూ సంచిలోంచి నోటుపుస్తకం తీసి, వచ్చే వారం ఇంకో కంపెనీలో తీసుకునే క్లాసులో చెప్పడానికి పనికొస్తుందని ఆ మాటను పొల్లుపోకుండా రాసుకుంది.