ఒక్కటి కూడా కనిపించని పలక

1960లలో నేను వికారాబాద్ కొండ మీది క్షయ ఆసుపత్రిలో మైక్రోస్కోప్ ముందు కూర్చునే ఉద్యోగం చేసేవాణ్ణి. రోగుల తెమడను గాజుపలక మీద పలుచగా పూసి, ఎర్రరంగు ఎక్కించి, యాసిడ్‌తో కడిగి, పైన నీలిరంగు వేసేవాళ్లం. క్షయ క్రిములు మాత్రమే ఆ ఎరుపును వదలవు.

ఒకరోజు తాండూరు నుంచి మా అక్క దగ్గుకుంటూ వచ్చింది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. ఆమె పలక నేనే చూశాను. కిటికీ వెలుతురు పైకి వచ్చేలా కింది అద్దం తిప్పి, పలక మీద ఒక నూనెచుక్క వేశాను. గాజులోంచి గాలిలోకి వచ్చేటప్పుడు వెలుగు వంగి పక్కకు పోతుంది. మధ్యలో నూనె ఉంటే నేరుగా లెన్సులోకి చేరుతుంది. అప్పుడు గానీ అంత చిన్నవి కంటికి ఆనవు.

ఆనాయి. నీలం మధ్య ఎర్రటి సన్నపుల్లలు, గుంపులు గుంపులుగా.

"నన్ను గూడ జర సూడనియ్ తమ్మీ" అంది. మొదట తన కనురెప్పల వెంట్రుకలే కనిపించాయట. కన్ను కొద్దిగా వెనక్కి జరపమన్నాను.

"గివేనా నన్ను తింటున్నయి? గింత సన్నగున్నయి!"

సూదిమందు, మాత్రలు మొదలయ్యాయి. కొన్ని నెలలకు దగ్గు తగ్గింది, ఒళ్లు చేసింది. కొత్త పలకలో ఎంత వెతికినా ఒక్క ఎర్రపుల్ల లేదు. సంతోషం పట్టలేక వార్డుకు పరుగెత్తి ఆమెను తీసుకొచ్చాను.

"సూడక్కా, ఒక్కటి గూడ లేదు!"

చూసి ఏడ్చింది. ఆ లెన్సు కింద ఒకసారికి కనిపించేది పిసరంత చోటే. క్రిములు వేలల్లో ఉంటే తప్ప ఒకటి కంటపడదు. కనిపించనంత మాత్రాన లేనట్టు కాదని నాకు తెలుసు. ఆ పూట చెప్పలేదు.

డాక్టరు గారు ఏడాది దాకా వాడమని మాత్రలిచ్చి ఇంటికి పంపారు. వానాకాలం పోయాక అక్క మళ్లీ దగ్గుతూ వచ్చింది.

"మాత్రలు మింగుతున్నవా?"

"ఆపిన తమ్మీ. ఒక్కటి లేదని నువ్వే సూపిస్తివి గద."

నిష్ఠూరంగా అనలేదు, మామూలుగానే చెప్పింది. మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా మొండికేస్తాయి. ఈసారి మందులు పనిచేయలేదు. ఆమె పలకలు చూడలేక తోటి ఉద్యోగికి ఇచ్చేవాణ్ణి. ఒక మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని, ఆనాడు చెప్పని సంగతంతా చెప్పాను. నా చెయ్యి పట్టుకుంది.

"అన్నం తిన్నవా?" అని మాత్రం అడిగింది.

చలికాలం దాటకముందే పోయింది.